జ్యూజిత్సులో పడే ఉద్యోగం

ఢిల్లీ మునిర్కాలో ఒక మిఠాయి దుకాణం కింద నేలమాళిగ ఉంది. నా ఉద్యోగమంతా అందులోనే గడిచింది. పొద్దున్నే మందపాటి తెల్ల కోటు తొడుక్కుని, నడుముకి పట్టీ బిగించి, చాపల మీద నిలబడేవాణ్ణి. ఎవరో ఒకరు వచ్చి నా కాలరు పట్టుకుని కింద పడేసేవారు. నేను లేచేవాణ్ణి. ఇంకొకరు వచ్చి పడేసేవారు. అదే పని, జీతం దానికే.

సాయంత్రం ఇంటికి వెళితే మా ఆవిడ లక్ష్మి అడిగేది.

"ఇవాళ ఏం చేశారండీ?"

"పడ్డాను."

"నిన్నా అదే చెప్పారు."

"నిన్న కుడిపక్క. ఇవాళ ఎక్కువగా ఎడంపక్క."

జపాను వాళ్లకి మన కుస్తీలాంటి విద్య ఒకటి ఉంది. ఎదుటివాడి బలాన్ని వాడి మీదికే తిప్పి పడేయడం దాని కిటుకు. నేర్చుకునేవాళ్లకి పడేయడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను. ఈమధ్య నోయిడాలోనూ ఇందిరాపురంలోనూ అపార్టుమెంటుకొకటి చొప్పున ఇలాంటి బడులు పెడుతున్నారని, మనవాళ్ల పిల్లలు కొందరు పడే పనికి చేరుతున్నారని విన్నాను. వాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నాకు చదువు పెద్దగా అబ్బలేదు. జ్ఞాపకం మాత్రం గట్టిది. ఎవరు నన్ను ఎటు పడేశారో, పడేశాక ఏమన్నారో, ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఇంటర్వ్యూ

మాది తుని దగ్గర పల్లెటూరు. మా అక్క మొగుడు కంటోన్మెంటులో సైన్యం వాళ్ల వంటశాలలో పని చేసేవాడు. ఆయన వెంట ఢిల్లీ వచ్చి, మునిర్కాలో గది అద్దెకి తీసుకుని, దొరికిన మూటనల్లా మోసేవాణ్ణి.

ఒకరోజు గుప్తాజీ మిఠాయి దుకాణానికి లారీలో చాపలు వచ్చాయి. వాటిని ఆయన కొత్తగా ఈ బడి పెడుతున్న నేలమాళిగలోకి దింపాలి. మెట్ల మీద ఎవరో జిలేబీ పాకం ఒలకబోశారు. నేను చాపతో సహా జారాను. పైమెట్టు నుంచి కింది దాకా దొర్లి, లేచి, చాప మళ్లీ నెత్తికెత్తుకుని, "ఎక్కడ పెట్టమంటారు సాబ్?" అని హిందీలో అడిగాను.

గుప్తాజీ తినబోతున్న సమోసా అలాగే పట్టుకుని నన్ను తేరిపార చూశాడు.

"దెబ్బ తగల్లేదా?"

"లేదు సాబ్."

"ఫిర్ సే గిర్ కే దిఖావ్."

మళ్లీ పడి చూపించమంటున్నాడు. వేళాకోళం అనుకున్నాను. ఆయన ముఖంలో నవ్వు లేదు. పైకెక్కి మళ్లీ దొర్లాను. "ఈసారి చాప లేకుండా" అన్నాడు. చాప లేకుండా దొర్లాను.

"ఠీక్ హై. రేపట్నించి వచ్చెయ్."

నా ఇంటర్వ్యూ అంతే. చిన్నప్పుడు తాటి చెట్లెక్కి, జారి ఇసుకలో పడ్డ అలవాటు నాకు అన్నం పెట్టింది.

గుప్తాజీ నియమం

గుప్తాజీకి ఆ విద్య గురించి ఏమీ తెలియదు. అన్నిటినీ కలిపి "జూడో-కరాటే" అనేవాడు. వ్యాపారం మాత్రం తెలుసు. మొదటి రోజే నన్ను పక్కకి పిలిచాడు.

"చూడు సత్తిబాబూ, పైన రసగుల్లా తిన్నవాడు వాహ్ అనాలి. కింద జూడో-కరాటే చేసినవాడూ వాహ్ అనాలి. నిన్ను ఎవరు పట్టుకున్నా పడు. పడకుండా నిలబడ్డావో, వాడు రేపు రాడు."

అందుకని అందరికీ పడ్డాను. గుమాస్తాలకి పడ్డాను, బడిపిల్లలకి పడ్డాను. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ నా చేతిని మెల్లగా తాకి "అయ్యో" అంటే, దానికీ పడ్డాను. ఆవిడ కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చి, మర్నాడు తన చెల్లెల్ని కూడా చేర్పించింది.

కొత్తవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనించాలి. తల వెనక్కి వాలిందా, ఆ రోజుకి పని అయిపోయినట్టే. అరచేయి ఒక్కటే కాదు, మోచేతి దాకా మొత్తం చాపకేసి కొట్టాలి. ఫట్‌మని మోగాలి. దానివల్ల దెబ్బ చెదిరిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ చప్పుడు వింటే పడేసినవాడికి తను ఏనుగుని పడేసినంత సంబరం. అన్నం తిన్న వెంటనే పడకండి. పడ్డాక వెంటనే లేవకండి, వాళ్లు ఫోటో తీయించుకుంటారు.

ఒక విద్య, రెండు పేర్లు

నేర్పడానికి ఇద్దరు మాస్టార్లు ఉండేవారు. బన్సల్ సారు ఫ్రాన్సులో నేర్చుకుని వచ్చారు. రాఠీ సారు పోర్చుగల్‌లో. ఇద్దరూ నేర్చుకున్నది ఒకే విద్య. జపాను నుంచి ఆ మాట ఒక్కొక్క దేశానికి వెళ్లినప్పుడు, ఎవరి నోటికి తిరిగినట్టు వాళ్లు పలికారట, పలికినట్టే రాసుకున్నారట. బన్సల్ సారు వేడి టీ ఊదుతున్నట్టు పెదాలు ముందుకి పెట్టి "జ్యూజిత్సు" అనేవారు. రాఠీ సారు మొదటి అక్షరాన్ని సాగదీసి, రెండు ముక్కలుగా విరిచి "జియూ... జిత్సూ" అనేవారు.

నాకైతే అందులో వింతేమీ కనబడలేదు. మన సాంబారు ఇక్కడికొచ్చి "సాంభర్" అయింది. దాంట్లో పంచదార కూడా వేస్తున్నారు. ఎవరూ కొట్టుకోవడం లేదు. ఈ ఇద్దరూ మాత్రం కొట్టుకునేవారు. చేతులతో కాదు, అది వాళ్లకి వచ్చు కాబట్టి ఎవరి ధైర్యం వాళ్లకి చాలేది కాదు. నోటితో.

"నీ జియూజిత్సులో ఎప్పుడు చూసినా నేల మీద దొర్లడమే. అది విద్యా, కడుపునొప్పా?"

"నీ జ్యూజిత్సులో పడేసి దణ్ణం పెట్టి వెళ్లిపోతారు. దొంగ లేచి వెనకాలే వస్తాడు భాయ్."

గొడవ ముదిరి, గుప్తాజీ చాపల మధ్యలో ఎర్ర టేపు అంటించాడు. ఇటు బన్సల్ సారు వాళ్లు, అటు రాఠీ సారు వాళ్లు. పడేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇటువైపు పడగానే లేవాలి. అటువైపు పడ్డాక లేవకూడదు, వాళ్లు మీదెక్కి మెడ నొక్కుతారు. ఒకసారి టేపు మీదే పడ్డాను. సగం ఒళ్లు లేవాలి, సగం పడుకోవాలి. మాస్టార్లిద్దరూ వచ్చి చెరో కాలూ పట్టుకున్నారు.

అప్పట్లో గురుగ్రామ్‌లో పనిచేసే జపానాయన ఒకరు కూతుర్ని చేర్పించడానికి వచ్చారు. మాస్టార్లకి పండగైంది. ఇద్దరూ ఆయనకి చెరోపక్కా నిలబడి, అసలు పేరేమిటో మీరే చెప్పండన్నారు. ఆయన వంగి నమస్కారం చేసి, మెత్తగా, "జూజుత్సు" అన్నారు.

మాస్టార్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తప్పు," అన్నారు బన్సల్ సారు.

"పూర్తిగా తప్పు," అన్నారు రాఠీ సారు.

తరవాత ఇద్దరూ కలిసి ఆయనకి ఆ మాట ఎలా పలకాలో చాలాసేపు బోధించారు. నేనున్నన్నాళ్లలో వాళ్లిద్దరూ ఏకమైంది ఆ ఒక్క పూటే. జపానాయన మళ్లీ వంగి నమస్కారం చేసి, పిల్లని తీసుకెళ్లి బ్యాడ్మింటన్‌లో చేర్పించారు.

మాస్టార్ల మీద నా అభిప్రాయం అడిగితే, ఇద్దరూ మంచివాళ్లే. విద్య వచ్చినవాళ్లే. కానీ ఇద్దరిలో ఎవరూ ఏనాడూ, మన పిల్లలు ఈ సత్తిబాబుని కాక ఇంకెవరినైనా పడేయగలరా అని ఆలోచించలేదు. పేరు గురించి ఆలోచించడంతోనే రోజు గడిచిపోయేది.

పావని

కంటోన్మెంటులో హవల్దారు అప్పలనాయుడు గారని విజయనగరం మనిషి. ఆయన కూతురు పావని. కాలేజీ చదువు అప్పుడే ముగిసింది. బన్సల్ సారు దగ్గర నేర్చుకునేది. తెలుగు బాగా అర్థమవుతుంది గానీ, ఏమడిగినా హిందీలోనే జవాబు; ఇక్కడ చాలావరకు నేనే తెలుగు చేసి రాస్తున్నాను.

ఒకరోజు నన్ను పడేసి, నేను లేవకముందే పక్కన చతికిలబడింది.

"అంకుల్, సచ్ బతావో. మీరు నిజంగా పడుతున్నారా?"

"ఎందుకే ఆ అనుమానం?"

"ఇంట్లో తమ్ముణ్ణి పట్టుకున్నా. వాడు పడలా. చిప్స్ తింటూ నిలబడ్డాడు."

అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పడడం నా ఉద్యోగమనీ, నిలబడితే గుప్తాజీ ఊరుకోడనీ చెప్పాను. అలుగుతుందనుకున్నాను. "అచ్ఛా" అంది, అంతే. ఆ రోజు నుంచీ ఇంటికి వెళ్లి తమ్ముడి మీద సాధన మొదలుపెట్టింది. ఆ కుర్రాడు గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, క్వార్టర్సులో జవాన్ల మీద పడింది. నాయుడు గారు కనబడినప్పుడల్లా నాతో మొర పెట్టుకునేవారు.

"సత్తిబాబూ, మా యూనిట్ వోలు నా గుమ్మం తొక్కడం మానీసినారయ్యా."

అలాంటి సమయంలో రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. నాయుడు గారికి జోధ్‌పూర్ బదిలీ అయింది. ఇందిరాపురంలో ఒక అపార్టుమెంటు సొసైటీ వాళ్లు, తమ ఆడపిల్లలకి నేర్పడానికి ఒక మనిషిని పంపమని గుప్తాజీని అడిగారు. పావని పిన్ని ఉండేది ఇందిరాపురంలోనే.

"ఉద్యోగం వస్తే పిన్ని కాడ ఉండు. రాకపోతే సామాను సర్దు," అన్నారట నాయుడు గారు.

పావనికి ఢిల్లీ వదలడం ఇష్టం లేదు. ఈ విద్యే తన బతుకని అప్పటికే మనసులో రాసేసుకుంది. ఆ ఉద్యోగం తనకి రావాలి. రాకపోతే జోధ్‌పూరే.

పోటీ

ఉద్యోగం ఒక్కటే. కొత్త చోట బోర్డూ ఒక్కటే. ఇక మాస్టార్లని ఎవరు ఆపగలరు? బన్సల్ సారు పావనిని నిలబెట్టారు. రాఠీ సారు రోహిత్‌ని నిలబెట్టారు. రోహిత్ నోయిడాలో కంప్యూటరు కంపెనీ కుర్రాడు, బుద్ధిమంతుడు. గెలిచినవాళ్లకి ఉద్యోగం, వాళ్ల మాస్టారు పలికిన పేరుకి బోర్డు.

ఇద్దరూ ఒకరితో ఒకరు తలపడితే సరిపోయేది. కానీ నియమాల దగ్గర ఆగిపోయింది. ఎవరైనా కింద పడితే పోటీ ముగిసినట్టని బన్సల్ సారు. కింద పడ్డాకే పోటీ మొదలైనట్టని రాఠీ సారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. గుప్తాజీకి పైన దుకాణంలో గిరాకీ పోతోంది.

"అరే భాయ్, రెండు లడ్డూల్లో ఏది బాగుందో తెలియాలంటే ఒకే మనిషికి తినిపించాలి. ఇద్దరూ సత్తిబాబుని పడెయ్యండి. ఎవరిది బాగుంటే వాళ్లదే!"

సొసైటీ సెక్రటరీ భాటియా మేడమ్ తీర్పు చెప్పాలన్నారు. ఆవిడ భర్తతో సహా వచ్చింది. నేర్చుకునేవాళ్లూ, పిల్లల తల్లిదండ్రులూ వచ్చారు. గుమ్మం దగ్గర నాయుడు గారు నిలబడ్డారు. మా లక్ష్మి కూడా వచ్చింది, పెళ్లయ్యాక నా పని చూడ్డానికి అదే మొదటిసారి. గుప్తాజీ అందరికీ జిలేబీలు పంచాడు.

ముందు రోహిత్ వచ్చాడు. కాలరు పట్టుకున్నాడో లేదో, నా ఒళ్లు దానంతటదే లేచింది. గాల్లో ఒక చుట్టు తిరిగి ఫట్‌మని పడ్డాను. అంత అందంగా నేనెప్పుడూ పడలేదు. నేలమాళిగంతా చప్పట్లు. లక్ష్మి కూడా కొట్టింది.

తరవాత పావని. వంగి నమస్కారం చేస్తూ, నాకొక్కడికే వినబడేలా అంది.

"అంకుల్, గిర్‌నా మత్."

"పడొద్దంటావా? మతి పోయిందా? ఉద్యోగం పోతుందే!"

"మీరే పడిపోతే ముఝే కైసే పతా చలేగా? నేను పడేశానో లేదో నాకు తెలియాలి. ప్లీజ్, అంకుల్."

ఆ పిల్ల కళ్లలోకి చూశాక పడలేకపోయాను. నిలబడదామనుకున్నాను. అదెంత కష్టమో మీకు చెప్పలేను. అన్నేళ్లుగా కాలరు మీద చెయ్యి పడగానే వాలిపోయే ఒళ్లు. మోకాళ్లు నా మాట వినకుండా వంగిపోతున్నాయి. పళ్లు బిగించి, కాళ్లు వెడల్పు చేసి నిలబడ్డాను. పావని లాగింది. నేను పడలేదు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

"సత్తిబాబూ! క్యా కర్ రహే హో?" అని బన్సల్ సారు కేక.

గుప్తాజీ పడమని వేలితో నేల చూపిస్తున్నాడు. లక్ష్మి లేచి నిలబడింది.

"ఏమండీ, పడరేం? ఒంట్లో బాగోలేదా?"

పావని ఇంకోసారి లాగింది. నిలబడ్డాను. అంతలో లాగడం మానేసి, ఉన్నట్టుండి నెట్టింది. నెట్టించుకోనని నేను ముందుకి ఒరిగాను. ఆ పిల్లకి కావలసింది అదే. ఒరిగిన నా ఒంటి కిందికి దూరిపోయింది. కాళ్ల కింద నేల లేదు. ట్యూబులైటు ఉండాల్సిన చోట లేదు. గడ్డం ఆనించడం గుర్తులేదు, చెయ్యి కొట్టడం గుర్తులేదు. బియ్యం బస్తాలా ధబ్బుమని కూలబడ్డాను. నడుం అడుగునున్న ఎముక మీద.

"ఓలమ్మో!" అని అరిచాను. నా అరుపుకి పైన దుకాణంలో ఎవరో పళ్లెం జారవిడిచారు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

భాటియా మేడమ్ నీరసంగా నవ్వింది. "రోహిత్‌ది ఎంత అందంగా ఉంది! అమ్మాయిది కాస్త గలీజుగా ఉంది, పాపం పెద్దాయనకి దెబ్బ కూడా తగిలింది. రోహితే కదా?"

రాఠీ సారు అప్పుడే బోర్డు రాసేవాడికి ఫోన్ చేస్తున్నారు. గుమ్మం దగ్గర నాయుడు గారు తల వంచుకున్నారు. పావని మేడమ్ వైపు చూడడం లేదు. నన్నే చూస్తోంది. నిజంగా పడ్డారా అని అడగడం లేదు, చూస్తోంది అంతే.

నోరు మూసుకుని పడుకుంటే నా ఉద్యోగం నాకుంటుంది. అది నాకు తెలుసు. పడుకునే చెప్పాను.

"మేడమ్‌జీ, రోహిత్ బాబు పట్టుకున్నప్పుడు నేను పడ్డాను. ఈ పిల్ల నన్ను పడేసింది."

"మత్లబ్? అంటే ఏంటి?"

"నా పనే అది, మేడమ్‌జీ. ఎవరు పట్టుకున్నా పడతాను. అందంగా పడితే అది నాది. ఇలా పడ్డానంటే..." అని నడుం చూపించాను.

నేలమాళిగలో జిలేబీ నమలడం కూడా ఆగిపోయింది. వెనకనుంచి ఒకాయన మెల్లగా అడిగాడు.

"అంటే, పోయిన నెల నేను పడేసింది?"

"అదీ నేనే, సాబ్."

"మా పాప నిన్ను చిటికెన వేలితో పడేసిందే!" అంది ఒక పాప తల్లి.

"చిటికెన వేలు కూడా తగల్లేదు, మేడమ్."

రోహిత్ వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మేరా భీ, అంకుల్?"

"నీదీ అంతే, బేటా."

నా నడుం వైపు ఓసారి చూశాడు. తరవాత పగలబడి నవ్వాడు. "మేడమ్, ఉద్యోగం ఆ అమ్మాయికే ఇవ్వండి. నేనూ అక్కడికొచ్చి చేరతాను."

భాటియా మేడమ్ భర్త దిట్టమైన మనిషి. ఆయన లేచి, కడుపు తడుముకుంటూ చాపల మీదికి వచ్చాడు. "ఇదంతా డ్రామాలా ఉంది. ఏదీ బేటీ, నన్ను పడెయ్యి చూద్దాం."

పావని ఆయన్ని కిందనించి పైదాకా చూసింది.

"అంకుల్‌జీ, కళ్లజోడు తీసి ఆంటీకి ఇచ్చెయ్యండి."

ఆయన తీసి ఇచ్చాడు. మంచి పని చేశాడు.

పడ్డ తరవాత

ఉద్యోగం పావనికి వచ్చింది. నాది పోయింది. గుప్తాజీ నన్ను తిట్టలేదు. మర్నాడు ఇంటికే వచ్చి ఒక మిఠాయి పెట్టె ఇచ్చాడు. "సత్తిబాబూ, నా దుకాణంలో పాకం ఎలా పడతామో గిరాకీకి ఎప్పుడైనా చెప్పానా?" అన్నాడు. ఇక రావద్దన్నాడు. నా రిటైర్మెంటు అలా జరిగింది.

సొసైటీ వాళ్లు బోర్డు మీద ఏ పేరూ రాయలేదు. "ఆడపిల్లలకి ఆత్మరక్షణ, సాయంత్రాలు" అని రాసి ఊరుకున్నారు. బన్సల్ సారు, రాఠీ సారు ఒకే ఆటోలో ఇందిరాపురం వెళ్లి, ఆ బోర్డు మార్చమని భాటియా మేడమ్‌కి మొర పెట్టుకుంటున్నారట. ఆటోలో ఏ పేరు రాయించాలా అని కొట్టుకుంటారు, గేటు దగ్గర దిగాక కలిసిపోతారు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇది. పడండి, తప్పులేదు. పసివాళ్లకీ పెద్దవాళ్లకీ మొదట్లో ధైర్యం కావాలి, అది మనం పడితేనే వస్తుంది. కానీ నేర్చుకునేవాళ్లలో ఎవరైనా వచ్చి నిజంగా పడుతున్నావా అని అడిగితే, వాళ్లకి నిజం చెప్పండి. అడిగినవాళ్లే నేర్చుకుంటారు.

గుప్తాజీ వచ్చివెళ్లిన మరుసటి రోజు సంగతి. నేను మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాను. ఎక్స్‌రే తీసిన డాక్టరు కొన్నాళ్లు కూర్చోవద్దన్నాడు. పావని వచ్చింది, వెనకాల నాయుడు గారు వేడినీళ్ల సంచీ పట్టుకుని. ఆ పిల్ల నా తలదగ్గర కింద కూర్చుని, నాతో ఎప్పుడూ మాట్లాడని తెలుగులో, కూడబలుక్కుని అడిగింది.

"అంకుల్, నొప్పి... నిజంగానేనా? నా కోసం అనట్లేదు కదా?"

జవాబు చెబుదామని అటు తిరగబోయాను. నడుంలో కత్తి దిగినట్టైంది. నేను పెట్టిన కేకకి పై అంతస్తులో అద్దెకుండే స్టూడెంట్లు మెట్ల మీదకి పరిగెత్తుకొచ్చారు.

పావని ముఖం విప్పారింది. నవ్వు ఆపుకుందామని చూసింది, చేతకాలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు.

"ఇదేం పిల్లండీ! మనిషి విలవిల్లాడుతుంటే నవ్వుతుంది!" అంది లక్ష్మి.

"నవ్వనీవే," అన్నాను దిండులో ముఖం పెట్టుకుని. "అమ్మా పావనీ, చాలా నొప్పిగా ఉంది."